టిక్ ఫీవర్ సరే, ఏ టిక్ ఫీవర్?

మా లాబ్‌కి వచ్చే ఫోన్లలో సగానికి సగం ఒకటే ప్రశ్న. "మేడమ్, మావాడికి ప్లేట్‌లెట్లు ఎంతొచ్చాయి?" మావాడంటే కొడుకనుకునేరు, కుక్క. ఇదివరకు మనుషుల డయాగ్నస్టిక్ సెంటర్లో పనిచేసినప్పుడు డెంగీ రోజుల్లో ఇదే ప్రశ్న, ఇదే గొంతుతో వినేదాన్ని. విజయవాడలో పెంపుడు జంతువులకి మాత్రమే రక్తపరీక్షలు చేసే లాబ్‌కి మారాక పేషెంట్లు మారారు గానీ, వాళ్ల వెంట వచ్చేవాళ్ల టెన్షన్ ఏం మారలేదు.

ప్లేట్‌లెట్లు అడగొద్దని నేననను. కానీ ఆ ఒక్క అంకె చూసి "టిక్ ఫీవరే" అని తేల్చేసి, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలెట్టి, అంకె కాస్త పైకి రాగానే మానేసే పద్ధతి ఉందే, అది చూస్తే ఒళ్లు మండుతుంది. పిడుదుల వల్ల కుక్కల రక్తంలోకి చేరేవి మన దగ్గరే నాలుగైదు రకాలున్నాయి. ఒకదాన్ని చంపే మందు ఇంకోదాన్ని చంపదు. అన్నిటినీ కలిపి టిక్ ఫీవర్ అనేసి, అన్నిటికీ అవే మాత్రలు రాస్తే కొన్ని కుక్కలు బాగుపడతాయి, కొన్ని బాగుపడినట్టు కనిపిస్తాయి. ఆ రెండో రకంతోనే నా గొడవ.

నేను డాక్టర్ని కాను, లాబ్ టెక్నీషియన్ని. మందుల డోసులు ఇక్కడ రాయను, ఫోన్ చేసి అడిగినా చెప్పను. రోజంతా మైక్రోస్కోప్ ముందు కూర్చునే మనిషికి ఏం కనిపిస్తుందో అదే రాస్తున్నాను.

పోయిన ఏడాది వానలు వెనకబట్టాక వచ్చిన రాజా సంగతి చెప్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రాజా ఆరేళ్ల లాబ్రడార్. యజమాని ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, సింగ్‌నగర్‌లో ఉంటారు. నేను బాబాయ్ గారూ అంటాను, ఆయన నన్ను అమ్మాయ్ అంటారు. రాజా తిండి మానేసి, ఒళ్లు కాలిపోతుంటే ఒకచోట చూపించారు. ఎక్కడో ఇక్కడ అనవసరం. ప్లేట్‌లెట్లు అరవై వేలన్నారు. కుక్కకి సుమారుగా రెండు నుంచి ఐదు లక్షల మధ్య ఉండాలి. టిక్ ఫీవర్ అని డాక్సీసైక్లిన్ రాశారు. కొన్నాళ్లకి అంకె లక్షా నలభై వేలకొచ్చింది, రాజా అన్నం తిన్నాడు, బాబాయ్ గారు ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ కొబ్బరికాయలు కొట్టారు. నెల తిరక్కుండా మళ్లీ జ్వరం. ఇంకోచోటికి తీసుకెళ్తే మళ్లీ ప్లేట్‌లెట్లే చూశారు, మళ్లీ డాక్సీసైక్లిన్ రాశారు. ఈ రెండుసార్లలో స్లయిడ్ తీసి చూసినవాళ్లు లేరు.

మా డాక్టరు గారి దగ్గరికి వచ్చేసరికి రాజా మెట్టు ఎక్కలేకపోతున్నాడు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు గులాబీ రంగు పోయి పాలిపోయి ఉన్నాయి. మూత్రం కాఫీ డికాషన్ రంగులో పడుతోంది. "ఎండాకాలం కాదు కదమ్మాయ్, వేడి చేసిందంటావా?" అని అడిగారాయన. వేడి కాదు. రక్తనాళాల్లోనే ఎర్రకణాలు పగిలిపోయి, వాటిలోని రంగు మూత్రంలోకి దిగుతోంది. పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, 14 శాతం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి 37కి పైన ఉంటుంది.

ఇలాంటి కుక్కకి కాలి నరంలోంచి తీసిన రక్తంతో పాటు చెవి కొన నుంచి కూడా ఒక చుక్క తీస్తాం. పరాన్నజీవి ఉన్న ఎర్రకణాలు సన్న నాళాల్లో ఎక్కువగా చిక్కుకుంటాయి కాబట్టి అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. చెవి అంచున వెంట్రుకలు గీసి, స్పిరిట్ పెట్టి, అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తడి మీద గుచ్చితే కణాలు పాడైపోతాయి. చుక్కని గాజు పలక మీద పలచగా లాగి, ఆరబెట్టి, మెథనాల్‌లో ముంచి, గీమ్సా రంగు పోసి వదిలెయ్యాలి. ఈలోగా బయట కూర్చున్న వాళ్లు మూడుసార్లు తలుపు తీసి చూస్తారు. రంగు పట్టడానికి దాని టైమ్ దానికి కావాలి, తొందరపెడితే ఊదారంగు మచ్చలు తప్ప ఏమీ మిగలవు.

రాజా స్లయిడ్ ఆయిల్ లెన్స్ కింద పెట్టగానే ముందు కనిపించింది ఖాళీ. ఎర్రకణాలు కిక్కిరిసి ఉండాల్సిన చోట దూరం దూరంగా ఉన్నాయి. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి, కొన్ని నీలంగా. నీలంగా ఉన్నవి ఇంకా ముదరని కణాలు. రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జ కంగారుకొద్దీ పచ్చివాటినే రక్తంలోకి తోసేస్తోందన్నమాట. అది ఒకరకంగా మంచి కబురే, మజ్జ ఇంకా చేతులెత్తెయ్యలేదని. పలక చివర్న పొర పలచబడే అంచు దగ్గరికి జరిపాను. అక్కడ ఒక ఎర్రకణంలో చిన్న ఉంగరం, దాని చుట్టులో ఒకచోట ముదురు ఊదా చుక్క. ఒక్కటి చూసి నమ్మకూడదు. రంగు పొడి రేణువు పడ్డా అలాగే ఉంటుంది. ఫోకస్ సన్నగా తిప్పి చూడాలి. రేణువైతే కణానికి పైన ఎక్కడో తేలుతూ మెరుస్తుంది, పరాన్నజీవి అయితే కణంతో పాటే స్పష్టంగా వస్తుంది. ఇది కణంతో పాటే వచ్చింది. పక్క ఫీల్డులో ఇంకోటి, దాని పక్కన ఒకే కణంలో రెండు. మా ప్యాథాలజిస్ట్ గారిని పిలిచి చూపిస్తే కుర్చీలో కూర్చోకుండానే వంగి చూసి "గిబ్సోని" అన్నారు.

బబీసియా గిబ్సోని. ఎర్రకణంలో దూరి, దాన్ని తినేసి, పగలగొట్టుకుని బయటికొచ్చే ఏకకణ జీవి. మలేరియా క్రిమికి దూరపు చుట్టం. డాక్సీసైక్లిన్ ఒక్కటీ ఇస్తే దీని జోరు కాస్త తగ్గుతుందేమో గానీ ఇది వదిలిపోదు. ఇక్కడే అసలు తిరకాసు. గిబ్సోని ఉన్నప్పుడు కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కాసేపు అణిగినప్పుడు అవి లేస్తాయి. యజమాని, కొన్నిసార్లు వైద్యుడు కూడా, మందు పనిచేసిందనుకుంటారు. లోపల ఎర్రకణాలు మాత్రం రోజూ తరుగుతూనే ఉంటాయి. రాజాకి రెండుసార్లు జరిగింది ఇదే.

ముందు రక్తం ఎక్కించాలన్నారు డాక్టరు గారు. కుక్కలకీ బ్లడ్ గ్రూపులున్నాయి. మొదటిసారి ఎక్కించేటప్పుడు పెద్ద రియాక్షన్ రావడం అరుదే అయినా, వీలుంటే క్రాస్‌మ్యాచ్, అంటే రెండు రక్తాలూ పొసుగుతాయో లేదో చూసే పరీక్ష, చేసే ఎక్కిస్తారు. చెన్నైలో మద్రాస్ వెటర్నరీ కాలేజీలో జంతువుల బ్లడ్ బ్యాంకు ఉంది. మనకి ఇక్కడ చాలావరకు తెలిసినవాళ్ల కుక్కే దిక్కు. ఇచ్చే కుక్క పాతిక కిలోలు దాటి ఉండాలి, టీకాలన్నీ పడి ఉండాలి, దాని రక్తంలో ఈ క్రిములు లేవని తేల్చుకోవాలి. ఆఖరిది చాలామంది వదిలేస్తారు. గిబ్సోని రక్తమార్పిడితో కూడా నేరుగా ఎక్కుతుంది, ఇంక పిడుదుతో పనేముంది? రాజా కోసం తెచ్చిన మొదటి దాత, చూడ్డానికి గుర్రంలా ఉన్న రాట్‌వైలర్, మా పరీక్షలో ఎర్లీషియా అనే ఇంకో పిడుదు జబ్బు క్రిమికి యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. దాని ఓనరు కుర్రాడు నమ్మలేదు. "వీడు రోజూ రెండు కిలోమీటర్లు పరిగెడతాడక్కా" అన్నాడు. పరిగెడతాడు తమ్ముడూ, లోపల ఉన్నంత మాత్రాన మంచం పట్టాలని లేదు. రెండో కుక్క సరిపోయింది.

రాజాకి రాసిన మందులు రెండు, అటోవక్వోన్, అజిత్రోమైసిన్, పది రోజులు. అటోవక్వోన్ ఖరీదు మామూలుగా ఉండదు, పైగా లాబ్రడార్ బరువుకి లెక్క కట్టాలి. మెడికల్ షాపులన్నీ తిరగాలి. ఇంకో షరతు, కొవ్వున్న తిండితో ఇస్తేనే అది ఒంటికి పడుతుంది. డాక్టరు గారు నెయ్యన్నంలో పెట్టమన్నారు. "షుగరని మీ పిన్ని నాకు నెయ్యి చూపించదు, వీడికి మాత్రం గరిటెడు వేస్తోందమ్మాయ్" అని బాబాయ్ గారి ఫిర్యాదు. పది రోజులయ్యాక పీసీవీ 26, ఆ తర్వాత 38. పూర్తిగా పోయిందా అంటే చెప్పలేం. గిబ్సోని చాలా కుక్కల్లో అతి తక్కువగా మిగిలిపోతుంది, స్లయిడ్‌లో దొరకదు, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడో స్టెరాయిడ్లు పడినప్పుడో మళ్లీ తల ఎత్తుతుంది. అందుకే మందులయ్యాక రెండు నెలలకి ఒకసారి, మూడు నెలలకి ఇంకోసారి పీసీఆర్, అంటే రక్తంలో క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష, చేయించమంటారు. రాజా ఇంక ఏ కుక్కకీ రక్తం ఇవ్వడానికి మాత్రం పనికిరాడు.

ఈ గిబ్సోనిని మొదట చూసింది మన ఉమ్మడి మద్రాసులోనే. 1910లో పాటన్ అనే ఆయన మద్రాస్ హంట్ వాళ్ల వేటకుక్కల రక్తంలో దీన్ని పట్టుకున్నాడు. దొరలు గుర్రాలెక్కి నక్కల వెంట పడడానికి సీమ నుంచి తెప్పించుకున్న కుక్కలవి. ఆ తర్వాత నక్కల రక్తంలోనూ ఇదే కనిపించింది. హెపటోజూన్ అని ఇంకో రకం ఉంది, దాన్ని 1905లో జేమ్స్ అనే ఆయన వర్ణించిందీ మన దేశంలోనే. నూటపదేళ్ల పైబడి మన గడ్డ మీదే తెలిసిన క్రిములు ఇవి. కొత్తగా ఏదో విదేశీ జబ్బు వచ్చిపడ్డట్టు మాట్లాడేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది.

బబీసియాలోనే ఇంకో రకం వోగెలి. ఇది గిబ్సోని కంటే పెద్దది, ఎర్రకణంలో జంటగా, కోసుగా కూర్చుంటుంది. టెక్నీషియన్ కళ్లకి పండగ, కనపడితే గుర్తుపట్టడం తేలిక. దీనికి ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ రెండు వారాల ఎడంతో రెండుసార్లు ఇస్తే చాలావరకు లొంగుతుంది. అదే ఇంజెక్షన్ గిబ్సోని మీద అంతగా పనిచెయ్యదు. ఆ సూది పడ్డాక కుక్క చొంగ కారుస్తుంది, వాంతి చేసుకుంటుంది, అందుకే చాలామంది డాక్టర్లు ముందు అట్రోపిన్ ఇస్తారు. "సూది వేశాక నురగలు కక్కింది, మందు తేడా చేసింది" అని గొడవకి దిగేవాళ్లు ఈ ముక్క ముందే అడిగి తెలుసుకుంటే మంచిది.

హెపటోజూన్ దారే వేరు. పిడుదు కుడితే రాదు, కుక్క పిడుదుని మింగితే వస్తుంది. ఒళ్లు కొరుక్కుంటూ పంటికి దొరికినదాన్ని నమిలేస్తుంది కదా, అప్పుడన్నమాట. తెల్లకణంలో పొడుగ్గా, కోలగా కనపడుతుంది. మన దగ్గర చాలాసార్లు వేరే జబ్బు కోసం తీసిన స్లయిడ్‌లో బయటపడుతుంది.

ఇక ఎర్లీషియా. ఇంతసేపూ డాక్సీసైక్లిన్ని తిట్టినట్టుంది గానీ, దీనికి అదే అసలైన మందు. ఎర్లీషియా కేనిస్ నిజానికి పరాన్నజీవి జాతిది కాదు, బ్యాక్టీరియా, అందుకే యాంటీబయాటిక్‌కి లొంగుతుంది. మొదట్లో పట్టుకుని మందు వేస్తే రెండు మూడు రోజుల్లోనే కుక్క తోక ఊపుతుంది. తోక ఊపింది కదాని ఆపేస్తేనే కొంప మునుగుతుంది. కోర్సు 28 రోజులు. ప్లేట్‌లెట్లు వారంలో లేచినా 28 రోజులే. ఎందుకంటే ఈ జబ్బుకి మధ్యలో ఒక మౌన దశ ఉంది. జ్వరం ఉండదు, తిండి తింటుంది, ఆడుతుంది, క్రిమి మాత్రం లోపలే నెలలూ సంవత్సరాలూ కూర్చుంటుంది. కొన్ని కుక్కల్లో అక్కణ్ణుంచి మజ్జలోకి దిగి దాన్ని ఎండబెట్టేస్తుంది.

అలాంటి జర్మన్ షెపర్డ్ శాంపిల్ ఒకటి కంకిపాడు వైపు నుంచి వచ్చింది. ముక్కులోంచి రక్తం ఆగట్లేదట. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ అడుగంటాయి. స్లయిడ్‌లో నీలంగా ఉండే పచ్చి కణం ఒక్కటీ లేదు. అంటే వెనక నుంచి సరఫరా ఆగిపోయింది. పాత చీటీలు చూస్తే కొన్ని నెలల కిందట ఏడు రోజుల డాక్సీసైక్లిన్, తర్వాత ఏమీ లేదు. ఆ కుక్క బతకలేదు. జర్మన్ షెపర్డ్‌లకి ఈ జబ్బు ముదిరితే మిగతా జాతుల కంటే కష్టం. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చుకున్న కుక్కలు ఇలాగే ముక్కుల్లోంచి రక్తం కారి వందల్లో చచ్చిపోయాయి, వాటిలో ఎక్కువ ఈ జాతివే. 1935లో అల్జీరియాలో మొదట వర్ణించిన జబ్బు ఎంత దూరమైనా వెళ్తుందని లోకానికి అప్పుడే బాగా తెలిసొచ్చింది. ఆస్ట్రేలియాలో మాత్రం 2020 దాకా లేదు, ఆ ఏడాది అక్కడా అడుగుపెట్టింది.

ఎర్లీషియాని స్లయిడ్‌లో పట్టుకోవడం అదృష్టం. తెల్లకణంలో ఊదారంగు ముద్దలా కనపడాలి, పాజిటివ్ కుక్కల్లో కూడా బహు తక్కువసార్లు కనపడుతుంది. అందుకే "స్లయిడ్‌లో ఏమీ లేదు" అని నేను రాశానంటే జబ్బు లేదని అర్థం కాదు, ఆ పలక మీద ఆ పూట నాకు దొరకలేదని అర్థం. పావుగంటలో గీత చూపించే కిట్‌కి వేరే చిక్కు ఉంది. అది చూసేది క్రిమిని కాదు, ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీని. జబ్బు సోకిన కొత్తలో అవి ఇంకా తయారై ఉండవు, గీత రాదు. జబ్బు తగ్గాక నెలల తరబడి ఉంటాయి, గీత వస్తూనే ఉంటుంది. "మందులన్నీ వాడాం, అయినా పాజిటివే" అని ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్లు అనవసరంగా ఏడుస్తున్నారు. క్రిమి ఇప్పుడు ఉందా లేదా తెలియాలంటే పీసీఆర్. డబ్బులెక్కువ, రిపోర్టుకి టైమ్ పడుతుంది. మూడింట్లో ఏదీ ఒంటరిగా చాలదు. కుక్క వాలకం, మిషన్ రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ, స్లయిడ్, కిట్, అవసరమైతే పీసీఆర్, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చదవాల్సింది డాక్టరు.

ఆ సీబీసీ అంకెలోనూ ఒక మోసం ఉంది. కుక్క గింజుకుంటున్నప్పుడు రెండు మూడుసార్లు గుచ్చి లాగిన రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కడతాయి. మిషన్‌కి గుంపుని లెక్కపెట్టడం రాదు. లక్షన్నర ఉన్న కుక్కకి ముప్ఫై వేలని ప్రింటు ఇస్తుంది. స్లయిడ్ అంచున చూస్తే గుంపులు గుంపులుగా కనిపిస్తూనే ఉంటాయి. మిషన్ రిపోర్టు కింద "ప్లేట్‌లెట్ క్లంప్స్ ఉన్నాయి, చేత్తో లెక్కించిన అంచనా ఇంత" అని రాసి పంపితే, పై అంకె మాత్రమే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి అందరూ కంగారుపడతారు. కింద లైను కూడా చదవండయ్యా.

ఇంటి వైద్యాల గురించి ఒక్క మాట. బొప్పాయి ఆకు రసం డెంగీ రోజుల నుంచి జనం బుర్రల్లో పాతుకుపోయింది. అది బబీసియాని గానీ ఎర్లీషియాని గానీ చంపదు, అసలే వాంతులతో ఉన్న కుక్క కడుపులో పోస్తే ఉన్న నీరసం ఇంకా పెరుగుతుంది. జ్వరం కదాని మన పారాసిటమాల్, నొప్పులని డైక్లోఫినాక్ వెయ్యడం ఇంకా ఘోరం. ప్లేట్‌లెట్లు తక్కువున్న కుక్కకి డైక్లోఫినాక్ పడితే కడుపులో రక్తస్రావం అవుతుంది. గుంటూరు వైపు నుంచి వచ్చే కేసుల్లో ఇంకోటి చూస్తాం. పిడుదులు పోవాలని పత్తి చేనుకి కొట్టే పురుగుమందు నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూస్తారు. కుక్క వణుకుతూ, చొంగ కారుస్తూ వస్తుంది. పిడుదులు చస్తాయి, కాదనను. కుక్క కూడా చస్తుంది.

ఇప్పుడు అసలు శత్రువు దగ్గరికొద్దాం. మన ఇళ్లలో కుక్కలకి పట్టేది ఎక్కువగా గోధుమరంగు పిడుదు. గోమారి అన్నా, పిడుదన్నా జనం చూపించేది ఒంటి నిండా రక్తం తాగి ఆముదపు గింజలా ఉబ్బిన ఆడదాన్నే. దాన్ని పీకి పారేసి పని అయిందనుకుంటారు. అది అప్పటికే తాగాల్సింది తాగేసింది, వదిలేసినా తనంతట తానే రాలి, గోడ పగుల్లోకి పోయి వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. గుడ్ల నుంచి వచ్చే ఆరు కాళ్ల పిల్ల కుక్కనెక్కి రక్తం తాగి దిగిపోతుంది. పగుల్లో కూర్చుని చర్మం విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతుంది, తాగి మళ్లీ దిగుతుంది. ఇంకోసారి చర్మం విడిచి పెద్దదై మూడోసారి ఎక్కుతుంది. అంటే దాని బతుకులో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు, మీ ఇంట్లో ఉంటుంది. తిండి లేకుండా నెలలు గడిపేస్తుంది. పైగా పైకి పాకే అలవాటు. నేల తుడుస్తూ ఉంటాం, అది గోడకి తగిలించిన ఫోటో ఫ్రేము వెనకా, కిటికీ చెక్క సందులోనూ, శ్లాబు మూలలోనూ ఉంటుంది.

అందుకని కుక్కకి మందు, ఇంటికి మందు రెండూ ఒకేసారి నడవాలి. కుక్కకి నెలకొకసారి వేసే అఫాక్సోలానర్ మాత్ర, మూడు నెలలు పనిచేసే ఫ్లూరలానర్ మాత్ర, మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు, డెల్టామెత్రిన్ పట్టీలు దొరుకుతున్నాయి. మూర్ఛ ఉన్న కుక్కకి ఆ మాత్రలు వేసేముందు డాక్టరుకి చెప్పాలి. ఒంటి మీద కనిపించినదాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి, కిరసనాయిలు పొయ్యడం, అగరుబత్తితో కాల్చడం వద్దు. వేళ్లతో నలపొద్దు. కుక్క నుంచి మనకి ఈ జబ్బులు నేరుగా అంటుకోవు గానీ, ఇదే జాతి పిడుదు మనిషిని కుడితే టిక్ టైఫస్ అనే వేరే జ్వరం రావచ్చు. చంపాలంటే సబ్బు నీళ్లలోనో స్పిరిట్‌లోనో వెయ్యండి.

ఇంటికి వచ్చేసరికి పగుళ్లు పూడ్చడమే పెద్ద పని. పిచికారీ మందు కొట్టేవాళ్లని పిలిస్తే కుక్కని, పిల్లిని, చేపల తొట్టిని ముందు బయటపెట్టాలి. చాలావరకు వాళ్లు వాడేది సైపర్‌మెత్రిన్ లాంటిది. అది పిల్లులకీ చేపలకీ విషం. గుడ్లు ఒకసారికి చావవు కాబట్టి రెండు మూడు వారాలకి మళ్లీ కొట్టించాలి. మొదటిసారికే కనపడట్లేదని రెండోసారి డబ్బులు దండగనుకునేవాళ్లే ఎక్కువ.

బాబాయ్ గారింట్లో రాజా పడుకునేది మెట్ల కింద. అక్కడ సున్నం పెచ్చులూడిన చోట టార్చి వేసి చూస్తే లోపల కదులుతున్నాయట. కండక్టరు ఉద్యోగంలో టికెట్లు లెక్కపెట్టిన ఓపికతో ఆయన మెట్టు మెట్టుకీ సిమెంటు పట్టించి, రెండుసార్లు మందు కొట్టించి, రాజాకి మాత్ర వేసిన తేదీ క్యాలెండర్లో రాసుకున్నారు. అయినా అప్పుడప్పుడు ఒకటీ అరా రాజా చెవి వెనక కనిపిస్తోందని మొన్న మళ్లీ ఫోన్ చేశారు. ఎక్కణ్ణుంచి వస్తున్నాయంటారు అని అడిగితే ఏముంది, పై వాటాలో వాళ్లకి పొమేరియన్ ఉంది. దానికి కూడా మాత్ర వేయించి, ఒకసారి స్లయిడ్ తీయించమని చెప్పమన్నాను. చెప్పారట. "మా స్వీటీ గుమ్మం దాటదండీ, దానికెందుకుంటాయి" అన్నారట వాళ్లు. అది రోజూ దిగేది రాజా పడుకునే మెట్ల మీద నుంచే. ఇంకా ఒప్పుకోలేదు, బాబాయ్ గారు ఇంటి ఓనరు చేత చెప్పిస్తానంటున్నారు.